ప్రతిగమన ఫలితాలను చెప్పటం, చూపటం: కోనసీమ పంట విరామం ఉదాహరణగా

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమ ధవళేశ్వరం ఆనకట్ట నీటితో ఒకటిన్నర శతాబ్దానికి పైగా వరి పండిస్తున్న ప్రాంతం. నీటికీ, సారవంతమైన నేలకూ కొరత లేని ఈ డెల్టాలోనే 2011 సార్వాలో రైతులు నాట్లు వేయక, పొలాలను బీడుగా వదిలి, పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి ఖర్చు, పూడిపోయిన మురుగు కాలువలు, కోతల వేళకు వచ్చిపడే తుపాన్లు అందుకు కారణాలని వారు చెప్పారు. ఆ సంవత్సరం సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ఒక కమిటీని నియమించి సమస్యను పరిశీలింపజేసింది. 2022లో కూడా కోనసీమలో పంట విరామం మాట మళ్ళీ వినవచ్చింది.

ఇటువంటి నిర్ణయాన్ని అధ్యయనం చేసే విస్తరణ పరిశోధకుని ముందుండే ప్రశ్న ఒక్కటే: ఏ కారణం, ఎటువంటి రైతుపై, ఎంతమేరకు పనిచేసింది? దీనికి సాధారణంగా వాడే పద్ధతి ప్రతిగమన విశ్లేషణ, అంటే మనం రిగ్రెషన్ అని వ్యవహరించేది. గణన నేడు కంప్యూటరుకు క్షణాల పని. ఫలితాన్ని పాఠకునికి అందించే దశలోనే మన పరిశోధన వ్యాసాలు తడబడుతున్నాయి. ఆ దశలో జరిగే పొరపాటు చివరకు రైతుకు చేరే సిఫారసులో పొరపాటుగా మారుతుంది. ఫలితాలను సంక్షిప్తంగా, చిత్రరూపంలో అందించటానికి అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్ సాధనాలను, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

నక్షత్రాల పట్టికతో వచ్చే చిక్కు

వివరణ కోసం ఒక ఉదాహరణను ఊహించుకుందాం. ఇందులోని సంఖ్యలన్నీ కల్పితాలే. అవి ఏ సర్వే ఫలితాలూ కావు. అమలాపురం, రాజోలు, కొత్తపేట మండలాల్లో 120 మంది వరి రైతుల నుంచి సమాచారం సేకరించామనుకుందాం. సార్వాలో పొలాన్ని బీడుగా వదిలితే 1, సాగు చేస్తే 0. ఫలితం రెండు విలువలకే పరిమితం కనుక లాజిస్టిక్ ప్రతిగమనం వాడాము. మురుగు ముంపుకు గురయ్యే పొలం అనే చలరాశికి గుణకం 1.10, ప్రామాణిక దోషం 0.40 వచ్చాయి. రైతు వయస్సుకు గుణకం 0.04, ప్రామాణిక దోషం 0.015. కౌలుకు గుణకం మైనస్ 0.80, ప్రామాణిక దోషం 0.45.

మన సిద్ధాంత గ్రంథాల్లో ఈ ఫలితం ఒక పట్టికగా కనిపిస్తుంది. మొదటి రెండు గుణకాల పక్కన రెండేసి నక్షత్రాలు ఉంటాయి. కౌలు పక్కన ఏమీ ఉండదు. దాని కింద, ముంపు, వయస్సు సార్థకమైన కారకాలని, కౌలుకు సంబంధం లేదని ఒక వాక్యం ఉంటుంది. ఈ ఒక్క వాక్యంలో రెండు పొరపాట్లకు తావుంది.

మొదటిది కొలమానానికి సంబంధించినది. 0.04 చిన్న సంఖ్య కనుక వయస్సు ప్రభావం స్వల్పమని పాఠకుడు అనుకోవచ్చు. అది ఒక్క సంవత్సరం తేడాకు వచ్చిన గుణకం. 20 సంవత్సరాల తేడాకు అది 0.80 అవుతుంది. ఎకరాలు, రూపాయలు, సంవత్సరాలు, అవును-కాదు వంటి వేర్వేరు ప్రమాణాల గుణకాలను యథాతథంగా పోల్చకూడదు. సంఖ్యాత్మక చలరాశులను వాటి ప్రామాణిక విచలనానికి రెండింతలతో భాగిస్తే, అవును-కాదు చలరాశుల గుణకాలతో పోల్చటానికి వీలవుతుందని ఆండ్రూ గెల్మన్ 2008లో సూచించారు.

రెండవ పొరపాటు మరింత తీవ్రమైనది. నక్షత్రం లేకపోవటాన్ని ప్రభావం లేకపోవటంగా చదవకూడదు. కౌలు గుణకానికి 95 శాతం విశ్వాస్యతా అంతరం మైనస్ 1.68 నుంచి 0.08 వరకు ఉంది. కౌలు ప్రభావం దాదాపు శూన్యం కావచ్చు, చాలా పెద్దదీ కావచ్చు. రెండింటినీ ఈ సమాచారం తోసిపుచ్చలేదు. అప్పు తీరక, కౌలు ముందే చెల్లించి, విరామం తీసుకునే స్వేచ్ఛ లేక కౌలు రైతు నాట్లు వేసి ఉండవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చినది కూడా 2011లోనే. అటువంటి సమయంలో కౌలుకు సంబంధం లేదని రాస్తే, ఎక్కువ సాయం అవసరమైనవారే సిఫారసుల నుంచి జారిపోయే ప్రమాదముంది.

గుణకాల చిత్రం

ఈ సమాచారాన్నే చిత్రంగా గీస్తే మొదట కంటికి కనిపించేది అనిశ్చితి. ప్రతి చలరాశికి ఒక వరుస, గుణకం వద్ద ఒక చుక్క, దాని రెండు వైపులా విశ్వాస్యతా అంతరాన్ని తెలిపే అడ్డగీత, సున్నా వద్ద ఒక నిలువు గీత ఉంటాయి. ముంపు గీత 0.32 నుంచి 1.88 వరకు, సున్నాకు పూర్తిగా కుడి వైపున నిలుస్తుంది. కౌలు గీత ఎడమ వైపు చాలా దూరం సాగి, సున్నాను కొద్దిగా మాత్రమే దాటుతుంది. దానిని చూసినవారెవరూ సంబంధం లేదని తేలికగా అనలేరు. సామాజిక శాస్త్రాల్లో పట్టికలకు బదులు చిత్రాలు వాడాలని కాస్టెలెక్, లియోని 2007లో రాజనీతిశాస్త్ర పరిశోధకులకు చేసిన సూచన మన విస్తరణ పరిశోధనలకూ వర్తిస్తుంది.

సంభావ్యతలో చెప్పటం

లాజిస్టిక్ గుణకం క్షేత్ర సిబ్బందికి అర్థమయ్యే భాషలో ఉండదు. 1.10 గుణకానికి ఆడ్స్ నిష్పత్తి సుమారు 3. దీనిని పట్టుకొని, ముంపు పొలాల రైతులు మూడు రెట్లు ఎక్కువగా పంట వదిలారని రాయటం సాధారణంగా జరిగే తప్పు. ముంపు లేనప్పుడు పంట వదిలే సంభావ్యత 30 శాతం ఉన్న రైతుకు, ముంపు ఉంటే అది సుమారు 56 శాతం అవుతుంది. మొదట 5 శాతమే ఉన్న రైతుకు సుమారు 14 శాతం అవుతుంది. గుణకం ఒక్కటే అయినా ఒకరి విషయంలో తేడా 26 శాతం పాయింట్లు, మరొకరి విషయంలో 9. ఏ గ్రామంలో మురుగు కాలువ పూడిక ముందుగా తీయించాలో నిర్ణయించే అధికారికి పనికివచ్చేవి ఈ సంఖ్యలే. కనుక రైతుల ప్రధాన రకాలకు అంచనా సంభావ్యతలను, వాటి విశ్వాస్యతా అంతరాలతో సహా ఇవ్వటం మేలు.

అందుబాటులో ఉన్న సాధనాలు

సామాజిక శాస్త్రాల కోసమే 1968లో వెలువడిన ఎస్‌పీఎస్‌ఎస్ మన విభాగాల్లో ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. స్టాటా వాడేవారికి బెన్ యాన్ రూపొందించిన ఎస్టౌట్ పట్టికలను, కోఎఫ్‌ప్లాట్ చిత్రాలను సిద్ధం చేస్తాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ప్రారంభించిన ఆర్ ఉచితం కనుక విద్యార్థులకు అనువైనది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన గ్రేప్స్ వేదిక కూడా ఆర్ పైనే నిర్మితమైంది. కోడ్ రాయటం అలవాటు లేనివారు దానితో మొదలుపెట్టవచ్చు.

ఆర్‌లో స్టార్‌గేజర్, టెక్స్‌రెగ్ ప్యాకేజీలు పలు మోడళ్ళను పక్కపక్కన చూపే పట్టికలు తయారుచేస్తాయి. విన్సెంట్ ఆరెల్-బండాక్ రూపొందించిన మోడల్‌సమ్మరీ ఆ పట్టికను నేరుగా వర్డ్ ఫైలుగా ఇస్తుంది. అందులోని మోడల్‌ప్లాట్ గుణకాల చిత్రాన్ని గీస్తుంది. ఆయనదే మరో ప్యాకేజీ మార్జినల్‌ఎఫెక్ట్స్ పైన చెప్పిన సంభావ్యతలను, వాటి మధ్య తేడాలను విశ్వాస్యతా అంతరాలతో లెక్కిస్తుంది. అంకెలను చేత్తో ఎత్తిరాసే పని లేదు కనుక దశాంశ బిందువు జారటం, గుర్తు తారుమారు కావటం వంటి తప్పులు తొలగుతాయి. సమాచారం సవరించినప్పుడు పట్టిక, చిత్రం రెండింటినీ అదే కోడ్‌తో తిరిగి పొందవచ్చు.

చలరాశుల పేర్లను తెలుగులో ఇవ్వటానికీ వీలుంది. అయితే కొన్ని సందర్భాల్లో చిత్రంలో ఒత్తులు విడిపోతాయి. అప్పుడు ర్యాగ్ ప్యాకేజీ ద్వారా, తెలుగు లిపికి తగిన ఫాంటుతో చిత్రాన్ని భద్రపరిస్తే అక్షరాలు సరిగా కూడుకుంటాయి.

సాధనం చేయలేని పని

పట్టిక ఎంత చక్కగా ఉన్నా, మోడల్‌లోని లోపాన్ని అది సరిదిద్దదు. కోనసీమ ఉదాహరణలో ఇది మరీ ముఖ్యం. పంట విరామం రైతులు ఉమ్మడిగా తీసుకున్న నిర్ణయం. ఊరంతా ఒక మాట అనుకున్నప్పుడు అక్కడి పదిమంది సమాధానాలు పది స్వతంత్ర సాక్ష్యాలు కావు. ప్రామాణిక దోషాన్ని గ్రామాల వారీగా సమూహపరచి లెక్కించాలి. అలా చేసినప్పుడు ముంపు గుణకపు దోషం 0.40 నుంచి 0.55కు పెరిగిందనుకుంటే, విశ్వాస్యతా అంతరం 0.02 నుంచి 2.18కి విస్తరిస్తుంది. గట్టిదని అనుకున్న ఫలితం అంచుకు వస్తుంది. మోడల్‌సమ్మరీకి గ్రామం పేరున్న చలరాశిని సూచిస్తే ఈ సవరణ చేస్తుంది, సూచించకపోతే హెచ్చరించదు. గ్రామాలు కొద్దిగానే ఉంటే ఈ సవరణ కూడా చాలదు. అందువల్ల సర్వే ప్రణాళిక దశలోనే, ఒక్కో ఊరిలో రైతుల సంఖ్య పెంచటం కంటే ఊళ్ళ సంఖ్య పెంచటం మంచిది.

అలాగే, ముంపుకూ విరామానికీ సంబంధం కనిపించినంత మాత్రాన పూడిక తీస్తే ప్రతి రైతూ నాట్లు వేస్తాడని చెప్పలేము. పల్లపు పొలాలకు దిగుబడి, రవాణా, కూలీల ఇబ్బందులు కూడా తోడై ఉండవచ్చు.

ఈ దృష్ట్యా విస్తరణ విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాల్లో ప్రతి గుణకానికి ప్రమాణాన్ని, విశ్వాస్యతా అంతరాన్ని తెలపాలి. ప్రధాన ఫలితాన్ని సంభావ్యతగా లేదా రైతు ఎరిగిన ప్రమాణంలో చెప్పాలి. ప్రామాణిక దోషాన్ని ఏ విధంగా లెక్కించారో పట్టిక కిందనే రాయాలి. నక్షత్రం లేని వరుసలను కూడా చర్చలోకి తీసుకోవాలి. మార్గదర్శకులు, పరీక్షకులు సిద్ధాంత గ్రంథం చేతికి వచ్చినప్పుడు మొదట ఈ నాలుగు అంశాలను చూడటం అలవాటు చేసుకుంటే, శివారు పొలం రైతుకూ కౌలు రైతుకూ చేరే సిఫారసులు ఆ మేరకు నమ్మదగినవిగా ఉంటాయి.