కారు వెనుక పాటపెట్టె

మా మఱిది తన యెస్‌యూవీ వెనుకభాగమున సబ్‌వూఫరు పెట్టెను పెట్టించుకొనివచ్చెను. మృదంగమునకుఁ దొప్పి యెట్టిదో కారులోని పాటకిది యట్టిది; మంద్రధ్వనులను మాత్రమే పలికించును. పెట్టె లేనిచో స్పీకరు ముందువైపు గాలియు వెనుకవైపు గాలియుఁ గలసి యా ధ్వనిని హరించును గావున దళసరి చెక్కలతో సందు లేకుండ బిగింతురు.

పాట యింపుగనే యున్నది. కాని మేము చేయి వేసి నెట్టఁగాఁ బెట్టె కదలినది! దుకాణమువారు దానిని బిగింపక యూరక నిలిపిరఁట. దాని ముందటి సీటుననే మా పిల్లలు కూర్చుందురు. బండి హఠాత్తుగా నాఁగినను పెట్టె యాఁగదు. బండికున్న వేగముతోనే ముందునకు దూకును. మఱునాఁడే లోహపు పట్టీలతో బండికి బిగింపించితిమి. క్రింద నింధనపుతొట్టి లేదని చూచినపిమ్మటఁ గాని రంధ్రము వేయనీయలేదు. తీగ యొరసికొని రగులకుండ బ్యాటరీచెంతనే ఫ్యూజు నుంచిరి.

మా యూరగాయ జాడీలకుఁ జోటెక్కడనో మఱిది యింకను జెప్పలేదు.