కోయకముందే కూరగాయలకు వైరస్ ఎలా అంటుతుంది?



నేను హాస్టల్‌లో పదో తరగతి చదువుతున్నప్పుడు ఒక మిత్రుడి పెట్టె, నా పెట్టె పక్కపక్కనే ఉండేవి. పరీక్షల ముందు వాడికి పచ్చకామెర్లు వచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది పరీక్షలు రాయలేకపోయాడు. ఏం తింటే వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఎందుకు చెప్పలేకపోయారో ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీలో చేరాక నాకు అర్థమైంది.

పచ్చకామెర్లు తెచ్చే వాటిలో హెపటైటిస్-ఎ వైరస్ ఒకటి. అది శరీరంలో చేరిన సుమారు 28 రోజులకు గానీ జబ్బు బయటపడదు. నెల క్రితం ఏం తిన్నామో ఎవరికి గుర్తుంటుంది? ఇలాంటిదే నోరోవైరస్. ఇది ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, విరేచనాలు తెస్తుంది.

మొక్కకు జబ్బు ఉండదు

టమాటాకు ఆకుముడత తెచ్చే వైరస్ మనకు హాని చేయదు. అలాగే మనిషి వైరస్ మొక్కలో పెరగదు. దానికి మనిషి కణాలే కావాలి. ఆకు మీద అది కేవలం ప్రయాణికుడు. కానీ రోజుల తరబడి బతికి ఉండగలదు. హెపటైటిస్-ఎ వైరస్ పరిమాణం సుమారు 27 నానోమీటర్లు. అనగా ఒక మిల్లీమీటరులో ముప్పై వేలకు పైగా వరుసగా పడతాయి. అందుకే ఆకు ఎంత నిగనిగలాడుతున్నా కంటికి తెలియదు.

పొలంలోకి వచ్చే దారులు

మొదటిది నీరు. రోగి మలంలో వైరస్ కోట్ల సంఖ్యలో ఉంటుంది. శుద్ధి చేయని మురుగు కలిసిన నీటిని మడికి పెడితే అది ఆకులకు చేరుతుంది. హైదరాబాదు దిగువన మూసీ వెంట మురుగు కలిసిన నీటితో గడ్డి, వరి, ఆకుకూరలు పండించడం మనకు తెలిసిందే. పురుగుమందు కలిపే నీరు మురికిదైనా అంతే. మందు పురుగును చంపవచ్చు గానీ, వైరస్‌ను చంపుతుందని నమ్మలేం.

రెండవది సరిగా కుళ్ళని మానవ మలాన్ని ఎరువుగా వేయడం. మూడవది కోసే చేతులు.

పాలకూర, కొత్తిమీర, ఉల్లికాడలు నేలకు దగ్గరగా పెరుగుతాయి. ఎండ వైరస్‌ను బలహీనపరుస్తుంది, కానీ ఆకు మడతల నీడలో అది దాక్కుంటుంది. వేర్ల ద్వారా కూడా మొక్కలోకి వెళ్ళగలదని ప్రయోగశాలల్లో చూశారు. అయితే పొలాల్లో ముఖ్యమైన దారులు పైన చెప్పినవే.

2003లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒకే రెస్టారెంటులో తిన్న సుమారు 600 మందికి హెపటైటిస్-ఎ సోకింది. ముగ్గురు చనిపోయారు. కారణం మెక్సికోలో పండిన పచ్చి ఉల్లికాడలు. వంటగదికి రాకముందే అవి కలుషితమయ్యాయని విచారణలో తేలింది.

తప్పు ఎవరిది?

మా అమ్మ ఇరవై ఏళ్ళుగా కూరగాయల తోటల్లో కూలికి పోతున్నది. ఈ సంగతులు చెబితే, "అయితే మా చేతులే పాడువా బిడ్డా?" అని అడిగింది. నాకు తల దించుకోవాల్సి వచ్చింది. ఆమె పనిచేసే తోటలో మరుగుదొడ్డి లేదు, సబ్బు లేదు. ఒంట్లో బాగాలేక ఒకరోజు మానేస్తే కూలి పోతుంది. కాబట్టి తప్పు చేతులది కాదు, ఆ చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టనివాళ్ళది.

మనం చేయగలిగింది

పారే నీటిలో కడిగితే వైరస్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. 85 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఒక నిమిషం ఉడికితే హెపటైటిస్-ఎ నశిస్తుంది. పప్పులో ఉడికిన పాలకూరతో భయం లేదు. సాంబారు దించాక పైన చల్లే కొత్తిమీరను మాత్రం పొయ్యి మీద ఉండగానే వేయమని వంట చేసే అక్కలను అడుగుదాం. హెపటైటిస్-ఎకు టీకా కూడా ఉంది. అన్నిటికన్నా ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుందాం.

సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నలు పనిచేసే తోటలో ఒక కుండ మంచినీళ్ళు, ఒక సబ్బు పెట్టించమని రైతును అడగండి. మా అమ్మ అడిగింది. ఇప్పుడక్కడ సబ్బు ఉంది. మరుగుదొడ్డి కోసం ఇంకా అడుగుతూనే ఉంది.