చత్వారపు కన్ను - పాత తుపాకి

నలుబది యేండ్లు దాటిన మనుష్యునకు దగ్గరి అక్షరములు మసకబారుటను మన పెద్దలు చత్వారమనిరి. నలుబది అను సంఖ్యను తెలుపు ‘చత్వారింశత్’ అను సంస్కృత పదమునుండి ఈ మాట ఏర్పడినది. వ్యాధులకు లక్షణమును బట్టియో, కారణమును బట్టియో పేరు పెట్టుట లోకమున సాధారణము. ఈ అవస్థకు మాత్రము అది వచ్చు వయస్సే పేరైనది. ఆ పేరులోనే ఒక వివేకము కలదు. చత్వారము వ్యాధి కాదు. తల నెరయుట వంటి వయోధర్మము. రాజునకైనను, రైతునకైనను, పండితునకైనను, పామరునకైనను అది తప్పదు.

హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు సాగు విజయవాడ రహదారిపై ఈ వయోధర్మము అంగడి సరకై కానవచ్చును. పోటీపరీక్షల శిక్షణాలయముల పలకల నడుమ కళ్ళద్దముల దుకాణములు ఉండును. నల్లబల్లపై అక్షరములు కానరాని కుమారునకు పుటాకార కటకములు, చేతిలోని రసీదు చదువలేని తండ్రికి కుంభాకార కటకములు అచట ఒకే బల్లపై అమ్ముడగును. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15న ఆరంభించి, 2023 జనవరి 18న రెండవ విడత చేపట్టిన ‘కంటి వెలుగు’ శిబిరములలో చదువుటకు అద్దములు పొందిన పెద్దలెందరో కలరు. కాని చత్వారము బాధించునది చదువును మాత్రమే కాదు. దర్జీ సూదిలో దారమెక్కింపలేడు. కంసాలి అతుకు చూడలేడు. వీరి కష్టము అందరికిని తెలిసినదే. అంతగా చర్చకు రానిది గురిచూచు వాని కష్టము.

ఈ దారిలోనే విక్టోరియా మెమోరియల్ అను మెట్రో స్టేషను కలదు. అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న ఆరంభమైనది. ఆ స్టేషనునకు పేరిచ్చినది సరూర్‌నగర్‌లోని అనాథ శరణాలయము. విక్టోరియా రాణి జ్ఞాపకార్థము ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున అది వెలసినది. పులివేటలో పేరుపడిన ఆ ప్రభువు 1866లో జన్మించి 1911లో, నలుబదియైదవ ఏటనే, కాలధర్మము చెందెను. చత్వారము ముదురునంతవరకు ఆయన జీవింపలేదు. వేటలును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో అంతరించినవి. అయినను ఆ కాలపు తుపాకులు అన్నియు మాయము కాలేదు. కొన్ని సాలార్‌జంగ్ మ్యూజియము వంటి ప్రదర్శనశాలలకు చేరినవి. మరికొన్ని లైసెన్సుతో, తండ్రినుండి కుమారునకు సంక్రమించి, గృహములందే నిలిచినవి. అట్టి తుపాకి గల గృహస్థునకు అరువదియేండ్లు వచ్చినప్పుడు, లక్ష్యము స్పష్టముగా కనబడుచుండగా తుపాకి కొనయందలి గురిమొన మాత్రము మబ్బులో కలిసిపోవును. తన విద్య తనను విడిచిపోయినదని ఆయన నిరాశ చెందును. ఆ నిరాశ సరియైనదేనా యని విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించిన కథ పిల్లలకు సైతము తెలియును. చెట్టు, కొమ్మ, పక్షి, అన్నదమ్ములు అందరును కనబడుచున్నారని ధర్మరాజు పలికెను. పక్షి తల తప్ప వేరొకటి కానరాదని అర్జునుడు పలికెను. ఈ కథను మనము ఏకాగ్రతకు ఉదాహరణముగా చెప్పుదుము. అందొక నేత్రశాస్త్ర సత్యము కూడ ఇమిడియున్నది. మానవనేత్రము ఒక క్షణమున ఒక్క దూరమును మాత్రమే స్పష్టముగా చూడగలదు. దగ్గరిదానిని, దూరపుదానిని ఒకేసారి తేటగా చూచుట అర్జునునకును అసాధ్యమే.

పాత రైఫిలు మనుష్యుని కోరునది సరిగా ఈ అసాధ్యకార్యమునే. దాని గొట్టముపై వెనుకవైపున ఒక గాడి, కొనయందు ఒక మొన ఉండును. గాడి నడుమ మొనను నిలిపి, ఆ మొనను లక్ష్యముతో కలుపవలెను. రెండు ప్రపంచయుద్ధములలో భారతసైనికులు మోసిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు ఇందుకు తగిన ఉదాహరణము. పశ్చిమ బెంగాలులోని ఈశాపూర్ కర్మాగారమున దీనిని ఏండ్లతరబడి చేసిరి. స్వాతంత్ర్యానంతరము కూడ అది పోలీసుల భుజములపై నిలిచినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020లో, గణతంత్ర దినోత్సవ కవాతుతో దానికి వీడ్కోలు పలికిరి. .303 సామాన్య పౌరులకు నిషిద్ధమైన బోరు. కనుక అదే యంత్రాంగముతో ఈశాపూర్‌లో .315 బోరు రైఫిలును పౌరుల కొరకు నిర్మించిరి. ఈ తరహా తుపాకులలో గాడి కంటికి ఇంచుమించు ఒక మూర దూరమున, మొన రెండు మూరల దూరమున ఉండును. లక్ష్యమో, వంద గజములకు ఆవల. మూడు వస్తువులు, మూడు దూరములు.

యువకుడు ఈ మూడింటిని ఎట్లు సమన్వయించును? అతని కంటిలోని కటకము మెత్తనిది. కండరములు బిగిసినప్పుడు అది ఉబ్బును, సడలినప్పుడు పలుచబడును. రెప్పపాటులో గాడినుండి మొనకు, మొననుండి లక్ష్యమునకు చూపు పరుగెత్తును. మూడింటిని ఒక్కమారే చూచుచున్నానని అతడు భ్రమించును. పదేండ్ల బాలుడు ముఖమునకు నాలుగు వ్రేళ్ళ దూరమున ఉన్న అక్షరమును కూడ చదువగలడు. వయస్సుతో కటకము గట్టిపడును. నలుబదియైదేండ్లకు పుస్తకమును జానెడు దూరమునకు పైగా జరుపవలసి వచ్చును. అరువది నాటికి, అద్దములు లేనిచో, ఒక మీటరునకు లోపల ఏదియు తేటగా ఉండదు. అనగా వయస్సు హరించినది లక్ష్యమును కాదు, మొనను మాత్రమే. చేయి వణకనిచో, శ్వాస అదుపులో ఉన్నచో, మనస్సు చలింపనిచో, విద్య చెక్కుచెదరక ఉన్నట్లే.

దీనికి మూడు ఉపాయములు కలవు. మొదటిది కళ్ళద్దముల దుకాణములోనే లభించును. చదువుటకు వాడు 2 డయాప్టరుల అద్దము తుపాకికి పనికిరాదు. అది అర మీటరు దూరమును తేటపరచి, లక్ష్యమును పూర్తిగా చెరపివేయును. రెండు మూరల దూరమున ఉన్న మొనకును, దూరపు లక్ష్యమునకును రాజీ కుదురవలెనన్నచో, దూరపు చూపు అద్దమునకు ఇంచుమించు అర డయాప్టరు కలిపిన చాలును. అప్పుడు మొన చాలవరకు స్పష్టమగును. లక్ష్యము కొంచెము మెత్తబడినను గుర్తింపవచ్చును. రెండు భాగముల అద్దము ధరించువారు వేరొక చిక్కును ఎరుగవలెను. తుపాకి మడమపై చెంప ఆనించినప్పుడు చూపు అద్దము పైమూలనుండి పోవును. చదువు భాగము అడుగున ఉండిపోవును. కనుక ఒకే శక్తి గల అద్దమును ఇందుకొరకు వేరుగా చేయించుకొనవలెను.

రెండవ ఉపాయము సూదిబెజ్జము. గాడికి బదులు కంటి దగ్గర చిన్న రంధ్రము గల బిళ్ళను అమర్చినచో, అంచులనుండి వచ్చు కిరణములు తొలగిపోవును. సన్నని కిరణపుంజము మాత్రమే లోపలికి పోవును. అందుచే దగ్గరివి, దూరమువి రెండును తేటపడును. చత్వారము గలవాడు కన్ను చికిలించి చదువుటకు ప్రయత్నించుటలో రహస్యమిదే. వెలుతురు తగ్గుట ఒక్కటే ఇందలి లోపము. అంతర్జాతీయ రైఫిలు పోటీలలో తుపాకిపై కటకములు నిషిద్ధములు. బెజ్జపు గురి, ముఖముపై ధరించు అద్దములు అనుమతింపబడినవి. హైదరాబాదునందు పెరిగి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యపతకము గెలిచిన గగన్ నారంగ్ చూచినదియు అట్టి బెజ్జము గుండనే.

మూడవ ఉపాయము దృక్సాధనము. దూరదర్శినిలో లక్ష్యపు ప్రతిబింబము ఏ తలమున ఏర్పడునో ఆ తలముననే సన్నని తీగల కూడలిని ఉంచుదురు. అందుచే తీగలు, లక్ష్యము ఒకే దూరమున ఉన్నట్లు కంటికి తోచును. మూడు దూరములు ఒకటియగును. పదునేడవ శతాబ్దమున ఆంగ్ల ఖగోళజ్ఞుడు విలియం గాస్కోయిన్, తన దూరదర్శినిలో సాలీడు అల్లిన దారమొకటి స్పష్టముగా కనబడుటచే ఈ ఉపాయమును గ్రహించెనని ప్రసిద్ధి. ఐర్లండు దేశీయుడగు హోవర్డ్ గ్రబ్ 1900లో వేరొక మార్గము చూపెను. గాజుపలకపై ప్రతిఫలించిన వెలుగు గుర్తు సమాంతర కిరణములతో కంటిని చేరును; అందుచే ఆ గుర్తు లక్ష్యమంత దూరముననే ఉన్నట్లు కనబడును. నేటి ఎర్రచుక్క గురికి మూలమిదియే. దీనిని రెండు కన్నులు తెరచి చూడవచ్చును. వస్తువును పెద్దది చేసి చూపవలసిన పని లేదు. కాని కంటి వంపులో అసమత గలవారికి ఆ చుక్క నలిగిన నక్షత్రమువలె కనబడును. శుక్లము వచ్చినవారికి ఏ సాధనమును ఉపకరింపదు. కాబట్టి దుకాణమునకు పోకముందే నేత్రవైద్యుని దర్శింపవలెను.

కంటికి పరిష్కారము దొరికినది. ఇక తుపాకి మాట. లీ-ఎన్‌ఫీల్డ్ వంటి వానిలో తూటాలు పైనుండి గుత్తిగా నింపుదురు. సరిగా ఆ మీదనే దూరదర్శినిని అమర్చినచో ఆ దారి మూసికొనిపోవును. గొట్టము కంటె ఎత్తున సాధనము ఉండుటచే చెంపకు ఆధారము చాలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ వేలాది నాలుగవ నమూనా రైఫిళ్ళకు మూడింతలుగా చూపు దూరదర్శినులు అమర్చినప్పుడు, మడమపై చెంప కొరకు చెక్కదిమ్మెను కూడ బిగించినది. కన్ను సాధనమునకు మరీ దగ్గరయైనచో తుపాకి వెనుకకు తన్నినప్పుడు కనుబొమ చీలును. అందుచే సాధనమును ముందుకు జరిపి, గొట్టముపై అమర్చు పద్ధతియు ఏర్పడినది.

ఇచటనే అసలు వివేకము అవసరమగును. ఉక్కునకు నాలుగు రంధ్రములు తొలిచి మరలు బిగించుట శిల్పికి అరగంట పని. కాని నూరేండ్ల తుపాకికి పడిన రంధ్రము మరల పూడదు. దానిపై కర్మాగారపు ముద్ర, చేయబడిన సంవత్సరము, సేనల గుర్తులు చెక్కబడియుండును. అవి శాసనముపై అక్షరముల వంటివి. ఒకని చూపు కొరకు వానిని చెరపుట, శిథిల దేవాలయమునందు దీపము పెట్టుటకు శాసనస్తంభమునకు మేకు కొట్టుట వంటిది. పాత గాడిని విప్పి, ఆ మరల చోటుననే బిగించు పట్టీలు కలవు. అవి వచ్చినట్లే పోవును. తుపాకి యథాస్థితిని పొందును. విప్పదగిన మార్పు సేవ. విప్పరాని మార్పు విధ్వంసము.

చట్టమును కూడ మరువరాదు. 1959 ఆయుధచట్టము ప్రకారము తుపాకులను మార్చుటకు, బాగుచేయుటకు లైసెన్సు ఉండవలెను. 2019 సవరణ ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడునుండి రెండునకు తగ్గించినది. కనుక ఏ సాధనము అమర్చుటకైనను ముందు అధికారులను విచారించి, అనుమతి గల పనివాని చేతనే చేయించుట ధర్మము.

తుపాకి లేని పాఠకులకు దీనితో ఏమి పని యని ఉపాధ్యాయులు ప్రశ్నింపవచ్చును. 1948లో ఏర్పడిన ఎన్.సి.సి.లో .22 రైఫిలుతో బాలబాలికలకు గురి నేర్పువారు ఉపాధ్యాయులే; వారిలో ఏబదియేండ్లు దాటినవారును కలరు. తరగతిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. విద్యార్థి యొకడు చేయి చాచి పెన్సిలు మొనను పట్టుకొని, దాని మీదుగా నల్లబల్లపై అక్షరమును చూడవలెను. పిమ్మట ఉపాధ్యాయుడు, చదువు అద్దములు తీసి, అట్లే చూడవలెను. ఇరువురును తాము చూచినది చెప్పుకొనవలెను. తదుపరి అట్టముక్కకు సూదితో బెజ్జము చేసి, దాని గుండ మరల చూడవలెను. మసకబారిన మొన ఉపాధ్యాయునకు తేటగా కనబడును. పుస్తకములో ఒక పుట వివరించు పాఠము అట్టముక్క ఒక నిమిషములో నేర్పును.

ఆ నిమిషమున విద్యార్థి గ్రహింపవలసినది మరొకటి కూడ కలదు. ఇంటిలోని వృద్ధుడు సూదిలో దారమెక్కింపలేనప్పుడు, వార్తాపత్రికను దూరముగా జరిపినప్పుడు, నాగలి కర్రు పదును చూడలేనప్పుడు, అతని నేర్పు నశించినదని అనుకొనరాదు. నేర్పు దూరపు లక్ష్యమువలె తేటగానే ఉన్నది. నడుమ మొన యొక్కటే మసకబారినది. ఆ మొనను అతనికి మరల చూపు సాధనమును, పాతదానిని గాయపరచకుండ అమర్చి యిచ్చుట పిన్నల కర్తవ్యము.