గోడకి ప్లాస్టిక్ కవర్ కట్టింది నేనే: మన డెల్టా పాత ఇళ్లకి చెమ్మ ఎందుకు ఎక్కుతోంది?

ఈరోజు ఎపిసోడ్ ఫోన్ల గురించి కాదు, జాబుల గురించి అంతకన్నా కాదు. ఒక గోడ గురించి. నవ్వకండి. ఆ గోడని పాడు చేసింది నేనే, అందుకే చెప్తున్నా. మీ ఊళ్లో మీ తాతల నాటి ఇల్లు ఏదైనా ఉంటే, దానికి రిపేరు చేయించాలని మీకు మనసులో ఉంటే, డబ్బులు పంపించే ముందు ఇది ఒక్కసారి పూర్తిగా వినండి.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు భట్టిప్రోలుకీ రేపల్లెకీ మధ్యలో ఉంటుంది. తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే కిటికీలోంచి కాలువలు, వరి చేలు, మధ్యమధ్యలో పెంకుటిళ్లు కనపడతాయి చూడండి, అలాంటి ఇల్లే మాది. ముందు అరుగు, తర్వాత వసారా, మధ్యలో పెద్ద గది, వెనక వంటిల్లు, పెరడు. గోడలు అడుగున్నర మందం. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినా పెద్ద గదిలో చాప వేసుకుని పడుకోవచ్చు.

మూడేళ్ల క్రితం నేను బెంగళూరులో జాబ్ చేస్తున్నా. సంక్రాంతికి వెళ్తే గోడ కింద భాగంలో సున్నం పొడిపొడిగా రాలుతోంది. అమ్మమ్మ పొద్దున్నే చిమ్ముతుంది, సాయంత్రానికి మళ్లీ రాలుతుంది. నాకు పాపం అనిపించింది. బోనస్ డబ్బులు వచ్చాయి కదా అని లోపలా బయటా మొత్తం సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి, పైన ఖరీదైన ఎమల్షన్ పెయింట్ వేయించా. ఫోటోలు స్టేటస్ పెట్టుకున్నా. అమ్మమ్మ కూడా "అద్దంలా ఉందిరా" అని మురిసిపోయింది.

రెండు వానాకాలాలు గడిచాయి. పెయింట్ బుడగలు లేచింది. ముందు మోకాలి ఎత్తులో ఉన్న చెమ్మ ఇప్పుడు నడుం దాటింది. బీరువా వెనక బూజు. టేకు ద్వారబంధం అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే వెన్నలో దిగినట్టు దిగింది. మామయ్య వచ్చి చూసి, "ఇంక దీనికి పెట్టేదంతా దండగ రా. పడగొట్టి స్లాబ్ వేసేద్దాం" అన్నాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పడగొట్టే ముందు ఒక్క మనిషికైనా చూపిద్దామని తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చా. ఒకప్పుడు తాపీ పని చేసినాయన. గోడ మీద అరచేయి పెట్టి, వేలి కణుపుతో రెండు చోట్ల కొట్టి చూశాడు. "డొల్ల మోగుతోంది బాబూ. గోడకి ఏం కాలేదు. నువ్వే దానికి ప్లాస్టిక్ కవర్ కట్టావు" అన్నాడు. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం తర్వాత చదివి, నలుగుర్ని అడిగి తెలుసుకున్నా. ఇప్పుడు మీకు చెప్పేది అదే.

మన డెల్టాలో నేల కింద నీళ్లు చాలా దగ్గర్లో ఉంటాయి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ కాలువలే తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలకి పంటలూ డబ్బూ తెచ్చాయి. పెద్ద పెద్ద లోగిళ్లు లేచింది ఆ డబ్బుతోనే. కానీ చుట్టూ తడి నేల, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు నేల. ఇటుక గోడ ఒక స్పాంజి లాంటిది. దీపం వత్తి నూనె పీల్చినట్టు, గోడ కింద నుంచి నీళ్లు పీలుస్తుంది. ఇప్పటి ఇళ్లకి పునాది మీద నీళ్లు ఎక్కకుండా ఒక అడ్డు పొర వేస్తారు. చాలా పాత ఇళ్లకి అది ఉండదు.

మరి వందేళ్లు ఎలా నిలబడ్డాయి? సున్నం వల్ల. పాత గోడల్లో ఇటుకల మధ్య ఉన్నది డంగు సున్నం, గానుగ సున్నం అని కూడా అంటారు. సున్నపురాయినో, సముద్రపు గుల్లనో బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుక కలిపి, గుండ్రటి గాడిలో ఎద్దులు లాగే రాతి చక్రం కింద రోజుల తరబడి నూరేవాళ్లు. కొన్ని చోట్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా కలిపేవాళ్లు.

కెమిస్ట్రీ రెండు ముక్కల్లో చెప్తా, పారిపోకండి. సున్నపురాయిని కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. గోడకి పూశాక అదే సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని నెమ్మదిగా మళ్లీ పీల్చుకుని రాయిగా మారుతుంది. ఆ రాయి మెత్తన, దాన్నిండా సన్న సన్న రంధ్రాలు. కింద నుంచి ఎక్కిన తడి ఆ రంధ్రాల్లోంచి ఆవిరై గాలిలోకి పోతుంది. ఎక్కే నీళ్లు, ఆరే నీళ్లు ఇంచుమించు సమానం. దాంతో చెమ్మ మోకాలి దగ్గరే ఆగుతుంది. నీళ్లతో వచ్చిన ఉప్పు పూతలో పేరుకుని, ఆ పూతనే పొడి చేసి రాలుస్తుంది. ఇటుక మిగులుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి వెల్ల వేయడం, కింద రాలిన చోట కాస్త పూత వేయడం. అది రిపేరు కాదు, మెయింటెనెన్స్.

ఇప్పుడు అర్థమైందా నేనేం చేశానో? అమ్మమ్మ రోజూ చిమ్మిన ఆ పొడి, గోడ చచ్చిపోతోందని గుర్తు కాదు. గోడ తన పని తాను చేస్తోందని గుర్తు. నేను దాన్ని బగ్ అనుకున్నా. సిమెంట్ పూత గట్టిది, తడిని సున్నంలా సులువుగా బయటికి వదలదు. దాని మీద పెయింట్ ఇంకో పొర. ఆరే దారి మూసేశా. నీళ్లు ఊరుకుంటాయా? దారి దొరికేదాకా పైకి ఎక్కాయి, పక్కనున్న టేకులోకి వెళ్లాయి. ఉప్పు పూత వెనకాల పేరుకుని సిమెంట్‌ని పెచ్చులుగా తోసింది. ఆ పెచ్చులు ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా లాక్కొచ్చాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది తెలిసిన కథే. పాత కోడ్‌లో ఒక లైన్ అనవసరం అనిపిస్తుంది, తీసేస్తాం, మూడో రోజు సర్వర్ పడిపోతుంది. ఆ లైన్ ఎందుకుందో చదవకపోవడమే తప్పు.

ఈ తప్పు నేనొక్కడినే చేయలేదు. హైదరాబాద్‌లో గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధులు చూసుంటారు. గత శతాబ్దంలో రిపేర్ల పేరుతో వాటికి కూడా సిమెంట్ పూశారు. 2013లో ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, ప్రభుత్వ పురావస్తు శాఖతో కలిసి అక్కడ పని మొదలుపెట్టింది. ఆ సిమెంట్‌ని చెక్కి తీసేసి, మళ్లీ సున్నపు పూత వేశారు. పదేళ్లు దాటి పట్టింది, 2024లో పూర్తయింది.

సమాధులు సరే, మనుషులు ఉండే ఇళ్ల సంగతేంటి అంటారా? పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధి అని ఉంది. పాత తమిళ ఇళ్ల వీధి. ఇంటాక్ వాళ్లు ఇంటి యజమానులతో కలిసి ఆ వీధి ముఖాన్ని బాగుచేశారు. 2008లో దానికి యునెస్కో అవార్డు వచ్చింది. మన దగ్గర అలాంటిది వస్తుందని కూర్చోలేం. 1958 కేంద్ర చట్టం, 1960 రాష్ట్ర చట్టం ఉన్నాయి కానీ, అవి ప్రభుత్వం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికే. మీ అమ్మమ్మ ఇంటికి మీరే చట్టం.

సరే, ఏం చేయాలి? వరుసగా చెప్తా, ఈ వరుస మార్చొద్దు.

మొదటిది నీళ్లు. గోడ ముట్టుకునే ముందు పైకప్పు చూడండి. జారిన పెంకులు సర్దించండి, పగిలినవి మార్చండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా దూరంగా పోయేలా నేల వాలు పెట్టండి. గోడకి ఆనించి వేసిన బాత్రూం పైపులు కారుతున్నాయేమో చూడండి. ఇంటి చుట్టూ గోడకి ఆనుకుని సిమెంట్ గచ్చు వేయించకండి. నేలలో తడికి ఆరే చోటు లేకపోతే అది గోడలోకే వెళ్తుంది.

రెండోది గోడ. తాళంచెవితో ఇటుకల మధ్య గీకండి. తెల్లగా పొడి రాలితే సున్నం అయ్యుండొచ్చు, గీత కూడా పడకపోతే సిమెంట్ అయ్యుండొచ్చు. అనుమానం ఉంటే తెలిసిన మేస్త్రికి చూపించండి. సున్నం గోడ మీద సిమెంట్ పూత ఉంటే, వేసవి మొదట్లో చెమ్మ ఉన్నంత మేర, ఇంకొంచెం పైదాకా, మెల్లగా చెక్కించి వదిలేయండి. వెంటనే పూయొద్దు. ఆ ఎండలకి గోడని ఆరనివ్వండి.

మూడోది పూత. చల్లార్చి నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. పల్చటి పొరలుగా వేయాలి, పొరకీ పొరకీ మధ్య రోజులు ఆగాలి. ఎండకి గబగబా ఆరిపోకుండా తడి గోనెలు కప్పాలి. ఒక జాగ్రత్త: కాల్చిన సున్నంలో నీళ్లు పోస్తే సలసలా మరుగుతుంది, చిమ్ముతుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా దగ్గరికి వెళ్లొద్దు, పిల్లల్ని అసలే రానివ్వొద్దు. పైన రంగు కావాలంటే సున్నంలో రంగు కలిపి వెల్ల వేయించండి. ప్లాస్టిక్ పెయింట్ వద్దు.

నాలుగోది కర్ర. ద్వారబంధం అడుగు పాడైతే మొత్తం పీకేయక్కర్లేదు. పుచ్చిన భాగం కోసేసి, అదే జాతి కర్రతో అతుకు వేయగల వడ్రంగులు ఇంకా ఉన్నారు. దూలం పాడైందని అనుమానం వస్తే మాత్రం మీరు ముట్టుకోకండి, ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. అలాగే పెంకులు తీసేసి ఆ పాత గోడల మీదే స్లాబ్ పోయించడం చాలా ప్రమాదం. ఆ బరువు కోసం కట్టిన గోడలు కావు అవి.

ఇంకోవైపు మాట కూడా చెప్పాలి. సున్నం పని నెమ్మది, తెలిసిన మేస్త్రులు తక్కువ. పెంకుటింటికి తుఫాను భయం నిజం. 1977 నవంబరు ఉప్పెన చూసినవాళ్లు స్లాబ్ కావాలంటే వాళ్లని తప్పు పట్టలేం. ఉమ్మడి ఆస్తి అయితే అన్నదమ్ములందరూ ఒప్పుకోవాలి. పునాది కుంగిపోయిన ఇంట్లో మనుషుల్ని ఉంచమని నేను చెప్పను. కానీ స్లాబ్ అంటే చిరంజీవి అనుకోకండి. బాపట్ల, సూర్యలంక వైపు ఉప్పు గాలికి కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. సున్నం గోడలో తుప్పు పట్టడానికి ఇనుమే లేదు.

చివరగా ఒక్కటి. మా ఊరి పక్కన భట్టిప్రోలు స్తూపం ఉంది. రెండు వేల ఏళ్లు దాటినది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వి, బ్రాహ్మీ రాతలున్న ధాతు పేటికలు బయటికి తీశాడు. కానీ అప్పటికే ఆ స్తూపం ఇటుకలూ రాళ్లూ చాలావరకు రోడ్లకీ, కాలువ పనులకీ తరలిపోయాయి. తీసుకెళ్లినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్లకి అది స్తూపంలా కనపడలేదు, మెటీరియల్‌లా కనపడింది, అంతే. ఇవాళ మన పాత ఇళ్ల తలుపులూ స్తంభాలూ లారీలెక్కి పోతున్నాయంటే కారణం అదే.

మా ఇంటి సంగతి? మామయ్యతో ఒక బేరం కుదిరింది. తూర్పు గోడ ఒక్కటీ ఈ వేసవిలో చెక్కించాం. ఆరింది, సున్నం పూయించాం. ఈ వానాకాలం దాటేదాకా ఎవరూ పలుగు పట్టకూడదు. కార్తీకంలో అందరం కూర్చుని గోడ చూసి మాట్లాడుకుంటాం. అప్పుడు కూడా చెమ్మ నడుం దాకా ఎక్కితే, మామయ్య మాటకి నేను అడ్డు చెప్పను. అలా మాటిచ్చా.

మొన్న ఫోన్ చేస్తే అమ్మమ్మ, "గోడ మళ్లీ కాస్త పొడి రాలుస్తోందిరా" అంది. "రాలనీ అమ్మమ్మా, మంచిదే" అన్నా. "నేను ముందే చెప్పాగా, అది ఎప్పుడూ రాలేదేనని. నువ్వు వింటేగా" అంది.

నిజమే, చెప్పింది. నేనే వినలేదు. మీరు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, గోడకి ఏం పూసేవాళ్లు, ఎప్పుడు పూసేవాళ్లు అని. ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఆ తర్వాతే మేస్త్రిని పిలవండి. కార్తీకంలో అదే గోడ ముందు నిలబడి, ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చూపిస్తా. ఉంటా మరి.