తెర ఒకరిది, బొమ్మలు మరొకరివి

ఒక సంస్థ తయారు చేసిన వీడియో గేమ్‌ను తీసుకొని, అందులోని స్థలాలనో పాత్రలనో నియమాలనో మార్చి, ఆడేవారే రూపొందించుకొనే కొత్త ఆటను మోడ్ అంటారు. అందుకు కావలసిన పనిముట్లను, కోడ్‌ను, నమూనాలను ఒకచోట కూర్చి ఆట తయారీదారులే అందించే సామగ్రికి సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ కిట్ అని పేరు. వాడుకలో అది ఎస్‌డీకే. ఆటలో ఏ భాగాన్ని పరుల చేతికి ఇవ్వవచ్చునో, దేనిని తమ వద్దే ఉంచుకోవాలో తయారీదారులు ముందుగా తేల్చుకుంటే తప్ప ఇటువంటి కిట్ పుట్టదు గనుక, దాని చరిత్ర చాలావరకు ఆ సరిహద్దు ఎలా జరుగుతూ వచ్చిందో చెప్పే చరిత్రే.

ఆ గీతను తేటగా గీసిన తొలి ప్రసిద్ధ ఆటలలో, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి చెందిన ఐడీ సాఫ్ట్‌వేర్ 1993 డిసెంబరులో విడుదల చేసిన డూమ్ ఒకటి. అంతకు ముందటి ఏడాది వచ్చిన ఊల్ఫెన్‌స్టైన్ 3డీని అభిమానులు ఎవరూ నేర్పకుండానే తవ్వి మార్చుకోవడం గమనించిన ఆ సంస్థ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్, డూమ్‌లో గదుల పటాలను, బొమ్మలను, శబ్దాలను ఆటను నడిపే ప్రోగ్రాం నుంచి విడదీసి వ్యాడ్ అనే ఫైల్‌లో ఉంచారు. నడిపే ప్రోగ్రాంను ఇంజిన్ అంటారు. తోలుబొమ్మలాటలో తెర, దీపం అవే ఉండగా నిన్న రామాయణం ఆడిన చోట నేడు భారతం ఆడగలిగినట్లే, ఇంజిన్‌ను ముట్టుకోకుండా వ్యాడ్‌ను మార్చి మరో ఆటను ఆడించవచ్చు. వ్యాడ్ తొలి 12 బైట్లలో మొదటి నాలుగు అది మూల ఫైలో అతుకు ఫైలో తెలుపుతాయి. తక్కిన ఎనిమిది లోపల ఎన్ని ముక్కలున్నాయో, వాటి పట్టిక ఎక్కడ ఉందో చెబుతాయి. పట్టికలో ఒక్కొక్క ముక్కకు 16 బైట్లు, పేరుకు ఎనిమిది అక్షరాలు మాత్రమే. అతుకు ఫైల్‌లో అదే పేరుగల ముక్క కనిపిస్తే ఇంజిన్ పాతదానిని వదిలి కొత్తదానిని తీసుకుంటుంది. మూల ఫైల్ మాత్రం చెక్కుచెదరదు. ఈ మార్పులు ఉచితంగా పంచిన నమూనా ప్రతిపై కాక కొన్న ప్రతిపైనే పనిచేయాలని సంస్థ మోడ్ కర్తలను కోరడాన్ని బట్టి, ఈ ఔదార్యంలో వ్యాపారపు లెక్క కూడా ఉందని గ్రహించవచ్చు.

బొమ్మలను మార్చగలిగినంత మాత్రాన కథ మారదు. తుపాకీ దెబ్బ ఎంత గట్టిగా తగలాలి, శత్రువు ఎప్పుడు మేలుకోవాలి వంటి నియమాలు డూమ్‌లో ఇంజిన్‌తోనే కలిసి ఉండిపోయాయి. 1996లో వచ్చిన క్వేక్ ఆటలో వాటిని క్వేక్‌సీ అనే చిన్న భాషలో రాసి బయటపెట్టారు. ఆ భాషలోని కోడ్‌ను ఇంజిన్ తన లోపలి ఊహాయంత్రంపైనే నడిపిస్తుంది కాబట్టి, మోడ్ ఎంత తప్పుగా రాసినా దాని చేయి ఇంజిన్ అనుమతించిన మేరకే సాగుతుంది. ఆస్ట్రేలియా యువకులు క్వేక్‌పై మోడ్‌గా తయారు చేసిన టీమ్ ఫోర్ట్రెస్ ఆ భాష చలవే. క్వేక్ ఇంజిన్‌ను అనుమతితో తీసుకొని బాగా మార్చి 1998లో హాఫ్-లైఫ్‌ను విడుదల చేసిన వాల్వ్ సంస్థ మరో దారి పట్టింది. ఆట నియమాలను సీ++ భాషలో రాసి, డీఎల్‌ఎల్ అనే విడి ఫైల్‌గా కంపైల్ చేసి, ఆ కోడ్‌ను ఎస్‌డీకేగా అందించింది. దీనివల్ల వేగం, స్వేచ్ఛ పెరిగాయి గాని, డీఎల్‌ఎల్ నేరుగా కంప్యూటర్‌పై నడిచే కోడ్ అయినందువల్ల క్వేక్‌సీ వేసిన కంచె పోయింది. మోడ్‌ను దించుకోవడమంటే దాని కర్తను నమ్మడమే అయింది. 1999 వేసవిలో మిన్ లే, జెస్ క్లిఫ్ విడుదల చేసిన కౌంటర్-స్ట్రైక్ తొలి రూపం ఈ కిట్‌తో పుట్టినదే. మరుసటి ఏడాదే వాల్వ్ దానిని సొంతం చేసుకొని అమ్మకానికి పెట్టింది.

హాఫ్-లైఫ్ 2తో పాటు 2004లో వచ్చిన, వాల్వ్ వారి సోర్స్ ఇంజిన్‌కు చెందిన సోర్స్ ఎస్‌డీకేలో చెప్పుకోదగిన పనిముట్టు హ్యామర్ అనే పటాల ఎడిటర్. అందులో గది అంటే బ్రష్‌లనే ఘనమైన దిమ్మెలతో కట్టిన ఆవరణ. పాత్ర ఎత్తు 72 ప్రమాణాలు, ఎగరకుండా ఎక్కగల మెట్టు 18 ప్రమాణాలు అన్నవి ఆ మేస్త్రీపనికి కొలతబద్దలు. కట్టిన పటం ఆటలోకి రావాలంటే మూడు ప్రోగ్రాంలు దాటాలి. ఈ పనినీ కంపైల్ అనే అంటారు. మొదటిది స్థలాన్ని రెండేసిగా చీలుస్తూ ఆకులు అనే చిన్న గడులుగా విడగొడుతుంది. రెండవది ఏ గడి నుంచి ఏ గడి కనిపించగలదో ముందే లెక్కకట్టి, ఆట నడిచేటప్పుడు కనిపించనివాటిని గీసే శ్రమ ఇంజిన్‌కు తప్పిస్తుంది. మూడవది దీపాల వెలుగు గోడలపై పడి, అక్కడి నుంచి మళ్లీ ఎలా పరుచుకుంటుందో గణించి ఆ ఫలితాన్ని గోడలకు అద్దుతుంది. రెండవ దశ కుదరాలంటే పటం చుట్టూ ఎక్కడా సందు ఉండకూడదు. సన్నని పగులున్నా లోపలేదో వెలుపలేదో తేలక లెక్క ఆగిపోతుంది. దీనినే లీక్ అంటారు. ఆ పగులు దాకా దారి చూపే ఎర్రగీతను హ్యామర్ తెరపై గీసి చూపగలదు. ఆ గీత వెంట వెళ్లే ఓపిక లేని కొత్తవారు పటమంతటినీ ఒక పెద్ద డబ్బాలో మూసివేసి లీక్ తీరిందనుకుంటారు. కాని దానివల్ల గోడల వెలుపలి భాగాలు కూడా లెక్కలోకి చేరి, కంపైల్ సమయమూ ఆట భారమూ అనవసరంగా పెరుగుతాయి. సాఫ్ట్‌వేర్‌లో రోగాన్ని దాచే మందుకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

తయారైన మోడ్‌ను ఆడడం మరో సమస్య. మోడ్‌లో ఉండేవి దాని సొంత బొమ్మలు, పటాలు, డీఎల్‌ఎల్‌లు మాత్రమే. ఇంజిన్ వేరొకచోటి నుంచి రావాలి. అమ్మకంలో ఉన్న ఆట ఇంజిన్‌నే వాడుకుంటే, సంస్థ దానిని సరిదిద్దిన ప్రతిసారీ ఇంజిన్‌కూ డీఎల్‌ఎల్‌కూ నడుమ ఉన్న పిలుపుల ఒప్పందం మారి, కర్తలు ఎప్పుడో వదిలేసిన మోడ్‌లు తెరుచుకోకుండా పోతాయి. అందుకే వాల్వ్, ఆటలను అందించే తన వేదిక స్టీమ్ ద్వారా సోర్స్ ఎస్‌డీకే బేస్ అనే ఆటలేని ఇంజిన్‌ను విడిగా అందించింది. 2006, 2007, 2013 అని ఏళ్ల పేర్లతో కనిపించే ఆ ప్రతులు ఒక్కొక్కటి ఒక్కొక్క కాలపు ఒప్పందాన్ని నిలిపి ఉంచుతాయి. హాఫ్-లైఫ్‌ను అభిమానులు కొత్తగా కట్టిన బ్లాక్ మేసా 2012లో ఉచిత మోడ్‌గా వచ్చినప్పుడు 2007 ప్రతిపైనే నడిచింది. ఏ ఫైల్‌ను ముందుగా ఏ ఫోల్డర్‌లో వెతకాలో చెప్పే జాబితా ప్రతి మోడ్‌లోనూ ఒకటి ఉంటుంది. వ్యాడ్ నాటి అతుకు సూత్రమే ఇక్కడ ఫోల్డర్ల రూపం ధరించింది.

2025 ఫిబ్రవరిలో వాల్వ్, టీమ్ ఫోర్ట్రెస్ 2 ఆట కోడ్‌ను, ఆడేవారి కంప్యూటర్‌లో నడిచే భాగంతో పాటు సర్వర్‌లో నడిచే భాగాన్నీ కలిపి, సోర్స్ ఎస్‌డీకేలో చేర్చింది. ఒకప్పుడు క్వేక్‌సీతో రాసిన మోడ్‌కు వారసురాలైన ఆట ఆ విధంగా తానే ఇతరుల మోడ్‌లకు ముడిసరుకైంది. వాటిని స్టీమ్‌లో ప్రచురించవచ్చు, అమ్మరాదు. వస్తువుల ఉపరితలాలకు రంగునూ మెరుపునూ ఇచ్చే షేడర్ల కోడ్ కూడా కిట్‌తో పాటు అందుతున్నా, సోర్స్ ఇంజిన్ అంతర్భాగపు కోడ్ మాత్రం ఇప్పటికీ అందులో లేదు.