నక్షత్రమును చీల్చు కృష్ణబిలముల జంట

చంద్రుడు భూమియొక్క దగ్గరి ప్రక్కను ఎక్కువగాను, అవతలి ప్రక్కను తక్కువగాను ఆకర్షించును. సముద్రపు ఆటుపోట్లకు ఈ తేడాయే ముఖ్యకారణము. లక్షలాది సూర్యుల ద్రవ్యరాశిగల కృష్ణబిలమును నక్షత్రము మిక్కిలి సమీపించినచో, ఈ తేడా నక్షత్రపు స్వీయాకర్షణను మించి దానిని చీల్చివేయును. సుమారు సగము పదార్థము దూరముగా చిమ్మబడును. మిగిలినది ధారగా వెనుకకు వచ్చి, బిలముచుట్టు తిరుగుచు వేడెక్కి ఎక్స్ కిరణములను వెదజల్లును. ఈ వెలుగు నెలల తరబడి క్రమముగా తగ్గవలెను.

2010లో ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహము, సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరముల దూరమందలి గెలాక్సీలో ఇట్టి వెలుగును కనుగొన్నది. కాని అది నెల తిరుగకముందే కనుమరుగై, కొన్ని వారములకు మరల కనిపించెను. కారణమేమి? మరియొక కృష్ణబిలము జంటగా తిరుగుచు ఆ ధారను మధ్యలో తెంచియుండునని 2014లో శాస్త్రజ్ఞులు వివరించిరి. వెలుగులేని జంటలను వెదకుటకు ఇట్టి అంతరాయములే ఆనవాళ్లు.