మీకు తెలుసా? పాత పికప్‌ను తినేసేవి ఎండుటాకులు

◆ అమెరికాలో పాత పికప్ ట్రక్కు కొనబోయేవాళ్లు ముందు పెయింటు చూస్తారు, తర్వాత ఇంజను చప్పుడు వింటారు. అంతకంటే ముందు చూడాల్సిన చోటు ఒకటుంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర సన్నటి చీలికలున్న రేకు. దాన్ని కౌల్ అంటారు. 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవ్రొలే సి-10 ట్రక్కునే తీసుకోండి. క్యాబిన్‌లోకి గాలి వెళ్లేది ఆ చీలికల్లోంచే, వాననీళ్లు దిగేదీ అక్కణ్నుంచే. నీళ్లు రెండు పక్కలకూ జారి కిందికి పోవడానికి లోపల దారి ఉంటుంది. బండి ఏళ్ల తరబడి చెట్టు కింద నిలబడితే ఆ దారిలో ఎండుటాకులు చేరతాయి. అవి కుళ్లి నల్లటి ఎరువవుతాయి. ఆ ఎరువు ఎండాకాలంలో కూడా తడి ఆరనివ్వదు. రేకు లోపలివైపు నుంచి తుప్పు పడుతుంది. బయటికి కనిపించేసరికి డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోట నేలకు చిల్లులు పడి ఉంటాయి.

ముందు ఫెండరు విప్పి, ఆ సందులో చెయ్యి పెట్టి చూడండి. పిడికిళ్లకొద్దీ మట్టి వస్తుంది, అందులో ఆకుల ఈనెలు ఇంకా చెక్కుచెదరకుండా ఉంటాయి. అదంతా తోడేసి, పైనుంచి పైపుతో నీళ్లు వదలాలి. పోసిన నీళ్లు రెండు పక్కలా ధారగా కిందపడితేనే దారి తెరుచుకున్నట్టు. కాళ్ల కింది రేకులు, తలుపు వెనక ఉండే క్యాబిన్ మూలలు, తలుపు కింది రాకర్ ప్యానెళ్లు, అన్నీ కొత్తవి అచ్చుపోసి అమ్ముతున్నారు. కొని అతికించడం కష్టం కాదు. నీటి దారి తెరవకుండా అతికిస్తే మాత్రం కొత్త రేకు కూడా పాతదాని దారే పడుతుంది. తలుపుల అడుగున ఉండే చిన్న కన్నాల సంగతీ ఇంతే. పుల్లతో పొడిచి శుభ్రం చేయడానికి ఐదు నిమిషాలు చాలు, ఆ ఐదు నిమిషాలే తలుపును కాపాడతాయి.

◆ ఫ్రిజ్ తలుపు మీద అంటించుకునే చిన్న అయస్కాంతాన్ని జేబులో వేసుకుని వెళ్లండి. ట్రక్కు ఒంటి నిండా నెమ్మదిగా జరుపుకుంటూ రండి. ఎక్కడ అతుక్కోకుండా జారిపోతుందో అక్కడ పెయింటు కింద రేకు లేదు, మందంగా పుట్టీ ఉంది.

◆ ఫ్యాక్టరీలోనే పికప్‌గా తయారై అమ్మకానికి వచ్చిన ఫోర్డు వారి తొలి బండి 1925 ఏప్రిల్ 15న వచ్చింది. మోడల్ టి కారుకు వెనక తొట్టి బిగించి ఇచ్చారు. ధర 281 డాలర్లు. అంతకు ముందు రైతులు కారు కొనుక్కుని, వెనక భాగం కోసేసి, వడ్రంగి చేత చెక్క పెట్టె కట్టించుకునేవాళ్లు. అంటే ఈ బండి పుట్టుకే యజమాని చేతుల్లో జరిగింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు పికప్ అలాగే, యజమాని చేతికి లొంగేలా ఉండిపోయింది. ఆరు సిలిండర్ల సి-10 బానెట్ ఎత్తి చూస్తే ఇంజనుకు అటూ ఇటూ మనిషి దిగి నిలబడేంత చోటుంటుంది. ప్లగ్గులు, కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, ఫ్యూయల్ పంపు చేతికందే దూరంలోనే. కంప్యూటరు తగిలించి చూడాల్సిన పనే లేదు. ఇంట్లో రిపేరు నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు దొరకదని నా నమ్మకం.

◆ మన షెడ్లలో పానాలకు పది, పన్నెండు, పద్నాలుగు నంబర్లు ఉంటాయి. అవి మిల్లీమీటర్లు. పాత అమెరికన్ ట్రక్కు నట్లు అంగుళాల లెక్కలోవి. కొన్నిచోట్ల రెండూ కలుస్తాయి. ముప్పావు అంగుళం నట్టుకు 19 నంబరు పానా సరిగ్గా కూర్చుంటుంది, 5/8కి 16, 5/16కి 8 సరిపోతాయి. అసలు చిక్కు అర అంగుళం దగ్గర. అది 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా ఎక్కుతుంది, పట్టినట్టే ఉంటుంది. యాభై ఏళ్ల తుప్పు పట్టిన నట్టు మీద బలంగా తిప్పారా, ఆ కాస్త సందే మూలలు అరగదీసి నట్టును గుండ్రంగా చేస్తుంది. 9/16కి 14 ఎక్కదు, 15 వదులు. కాబట్టి ఒక అంగుళాల సెట్టు కొనుక్కోక తప్పదు. 1970ల చివరి నుంచి జనరల్ మోటార్స్ బళ్లలో రెండు రకాలూ కలిసి వచ్చాయి. వాటికైతే రెండు సెట్లూ పక్కనే పెట్టుకోవాలి.

◆ డబ్ల్యూడీ-40 పేరులోనే దాని పని ఉంది. నీటిని తొలగించే మందు, నలభయ్యో ఫార్ములా. 1953లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో తయారైంది, మొదట్లో అట్లాస్ క్షిపణుల పైతొడుగుకు తుప్పు పట్టకుండా వాడారు. బిగుసుకుపోయిన బోల్టును కదిలించడం దాని అసలు పని కాదు, అందుకు పెనిట్రేటింగ్ ఆయిల్ వేరే దొరుకుతుంది. సాయంత్రం రాసి, మర్నాడు పొద్దున మళ్లీ రాసి, ఆ తర్వాతే పానా పట్టండి. ఏళ్ల తరబడి తిరగని ఇంజనుకూ ఇదే ఓపిక కావాలి. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, కొన్ని రోజులు వదిలేసి, క్రాంక్ బోల్టుకు పొడవాటి కడ్డీ తగిలించి చేత్తో తిప్పి చూడాలి. సెల్ఫ్ కొట్టడం ఆ తర్వాతి మాట.

◆ ఇంజను స్టార్టయిన రోజున ఇంటిల్లిపాదీ బయటికి వచ్చి చూస్తారు, ఫొటోలు తీస్తారు. నన్నడిగితే ఇంజను ముట్టుకునేముందే బ్రేకులు చూడాలి. నడవని బండి ఎవరినీ చంపదు, ఆగని బండి చంపుతుంది.

షెవ్రొలే ట్రక్కుల్లో 1966 దాకా బ్రేకు మాస్టర్ సిలిండరులో ఒకటే గది. నాలుగు చక్రాల్లో ఏ ఒక్క పైపు పగిలినా పెడల్ నేలను తాకుతుంది, బండి ఆగదు. 1967లో రెండు గదుల సిలిండరు వచ్చింది. ముందు చక్రాల పైపు పోయినా వెనకవి పనిచేస్తాయి, వెనకది పోతే ముందువి ఆదుకుంటాయి. 1971లో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చాయి. అందుకే అంతకు ముందు సంవత్సరాల బళ్లున్నవాళ్లు చాలామంది ఈ రెండు మార్పులూ చేసుకుంటారు. బండి పాతదనం చెడుతుందని వెనకాడేవాళ్లుంటారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే బండి అయితే వెనకాడకండి.

బ్రేకు ఆయిల్‌కు ఒక గుణముంది, గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే ఆయిల్ మరిగి, పైపుల్లో ఆవిరి చేరి, పెడల్ మెత్తబడుతుంది. అదే తేమ ఉక్కు పైపులకు లోపలివైపు తుప్పు పట్టిస్తుంది. పైకి నిగనిగలాడే పైపు లోపల పుచ్చిపోయి ఉండొచ్చు. పాత బండికి పైపులు, రబ్బరు హోసులు మొత్తం మార్చడమే మేలు. ఆ ఆయిల్ చుక్క పెయింటు మీద పడితే పెయింటును కూడా లేపేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

ఇంకొకటి. పాత బ్రేకు షూల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ము ఊడదీయగానే లోపల బూడిదరంగు పొడి కనిపిస్తుంది. దాన్ని కంప్రెసరు గాలితో ఊదకండి, చీపురుతో ఊడ్వకండి. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేది కొన్ని దశాబ్దాల తర్వాత.

◆ లైట్లు మసగ్గా వెలుగుతున్నాయా, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందా? బ్యాటరీ కొనేముందు ఎర్త్ చూడండి. మల్టీమీటరును వోల్టుల్లో పెట్టి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్ కొమ్ముకు, రెండోది ఇంజను ఒంటి మీద గీకి మెరిపించిన చోట ఆనించండి. ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. ఎర్త్ బాగుంటే ముల్లు సున్నా దగ్గరే కాస్త కదులుతుంది. అర వోల్టు దాటిందంటే కరెంటు తిరిగొచ్చే దారిలో తుప్పో, వదులో ఉంది. ఇంజను నుంచి క్యాబిన్ గోడకు వెళ్లే అల్లిక తీగ పట్టీని చాలాసార్లు ఇంజను దింపినవాళ్లు తిరిగి బిగించడం మరిచిపోతారు. కొద్ది డాలర్ల పట్టీ అది.

◆ సి-10లో 1972 దాకా పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉండేది. క్యాబిన్‌లో పెట్రోలు వాసన వస్తే పాత బండి కదా అని సర్దుకుపోకూడదు. అమెరికా పెట్రోలులో చాలాచోట్ల పది శాతం ఇథనాల్ కలుస్తుంది. పాతకాలం రబ్బరు గొట్టాలు దానికి తట్టుకునేలా చేసినవి కావు, ఉబ్బి, పగిలి కారతాయి. ఇప్పుడు మన దేశంలోనూ ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది కాబట్టి ఇంట్లో పాత జీపో, అంబాసిడరో ఉన్నవాళ్లు కూడా గొట్టాలు ఒకసారి తడిమి చూసుకోండి. ఖాళీ ట్యాంకే కదా అని దానికి వెల్డింగ్ పెట్టడం ప్రాణాంతకం. పేలేది ద్రవం కాదు, అడుగున మిగిలిన ఆవిరి.

◆ ఇప్పటి ఇంజనాయిల్ అన్ని విధాలా మెరుగైనదే, ఒక్క విషయంలో తప్ప. పాత ఇంజన్లలో క్యామ్ మీద లిఫ్టరు నేరుగా రాసుకుంటుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి జింకు, ఫాస్ఫరస్ కలిసిన మందు ఆయిల్‌లో ఎక్కువగా ఉండేది. సైలెన్సర్‌కు ముందుండే క్యాటలిటిక్ కన్వర్టరు చెడకుండా దాన్ని తగ్గించారు. కొత్త క్యామ్ వేసినప్పుడు జింకు ఎక్కువున్న ఆయిలే పోయాలి. స్టార్టవగానే ఐడిల్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. క్యామ్ జీవితకాలం ఆ ఇరవై నిమిషాల్లోనే తేలిపోతుంది.

◆ చెరకు మడ్డి తుప్పును వదిలిస్తుంది. పశువుల దాణాకు అమ్మే మొలాసిస్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు డ్రమ్ములో కలిపి, తుప్పు పట్టిన ఇనుప సామాను అందులో ముంచి రెండు మూడు వారాలు వదిలేస్తారు. మంచి ఇనుము దాదాపు అలాగే ఉంటుంది, తుప్పు మాత్రం వదులుతుంది. వాసన భరించలేం కాబట్టి పెరట్లో ఓ మూల పెట్టుకోవాలి. అల్యూమినియం వస్తువులు వేయకూడదు, అవి కరిగిపోతాయి. బ్యాటరీ చార్జరు, బట్టల సోడా కలిపిన నీళ్లతో తుప్పు వదిలించే పద్ధతి ఇంకా త్వరగా పనిచేస్తుంది. అందులో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడితే విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది, మామూలు ఇనుప కడ్డీ వాడండి. హైడ్రోజన్ కూడా పుడుతుంది కనుక గదిలో కాదు, ఆరుబయట చేయాలి.

◆ ఇంటి గ్యారేజీలో కంటికి కనిపించని ప్రమాదాలు మూడున్నాయి, ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో రేకు తుడిచి, అది ఆరకముందే వెల్డింగ్ మొదలుపెడితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అది. కాబట్టి క్లోరిన్ లేదని డబ్బా మీద రాసి ఉన్న రకమే కొనండి. రెండోది, గట్టిపడే మందు కలిపి కొట్టే పెయింట్లలోని ఐసోసయనేట్లు. ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోయాక కొంచెం తగిలినా ఉబ్బసం వస్తుంది. దుమ్ము మాస్కు దీనికి చాలదు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే ఆ ఒక్క పని షాపుకు అప్పజెప్పడమే తెలివి.

మూడోది చూడ్డానికి సాధు వస్తువు. పాత పెయింటును వెలిసిన అందంతోనే ఉంచాలనుకునేవాళ్లు కొందరు అవిసె నూనె రాస్తారు. రాసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే, నూనె ఆరుతూ వేడి పుట్టి, అగ్గిపుల్ల అవసరం లేకుండానే మండుకుంటాయి. గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లలో ముంచాలి.

◆ అమెరికా రోడ్ల మీద పాత పికప్‌లలో ఎక్కువ భాగం ఫోర్డు, షెవ్రొలే, డాడ్జీలే కావడానికి కోడిమాంసం ఒక కారణం. 1960ల మొదట్లో యూరప్ దేశాలు అమెరికా కోళ్ల మీద పన్ను పెంచాయి. అందుకు బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కుల మీద 25 శాతం దిగుమతి సుంకం వేశారు. మిగతావాటి మీద తర్వాత ఎత్తేశారు, ట్రక్కుల మీదిది మిగిలింది. ఆ కొద్ది కంపెనీలు ఒకే నమూనాను ఏళ్ల తరబడి లక్షల్లో చేయడంతో సి-10 తలుపు పిడి నుంచి తొట్టి చెక్కల దాకా ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి.

◆ డాలస్, హ్యూస్టన్‌లలోని మనవాళ్లకు పనికొచ్చే మాట. టెక్సస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి యాంటిక్ ప్లేటు తీసుకోవచ్చు. ఆ ప్లేటుతో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు, ప్రదర్శనలకు, ఊరేగింపులకు, క్లబ్బు కార్యక్రమాలకు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. కాలిఫోర్నియాలో అయితే 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు బళ్లకు పొగ పరీక్షే లేదు. బండి కొనేముందు మీ కాలనీ సంఘం నిబంధనలు కూడా చదవండి. ఇంటి ముందు డ్రైవ్‌వేలో బండి విప్పడాన్ని చాలా సంఘాలు ఒప్పుకోవు. గ్యారేజీలో కారుకు బదులు ట్రక్కు పట్టేలా పొడవు కొలుచుకోండి, పొడవాటి తొట్టి ఉన్న సి-10 చాలా ఇళ్ల గ్యారేజీల్లో తలుపు మూసే జాగా మిగల్చదు.